ఇంకొక్క తడి, భాభీ

నన్ను చూసినవాళ్లెవరూ బాస్కెట్‌బాల్ ఆటగాడనుకోరు. చూడకుండా విన్నవాళ్లు మాత్రం అనుకోవచ్చు, ఎందుకంటే నా గురించి చెప్పేది నేనే కదా, ఆ విషయంలో తక్కువేం చెయ్యను. నా పొట్ట ముందు నడుస్తుంది, వెనక నేను వస్తాను. ఎగిరి బంతి అందుకుంటున్నానని నేననుకుంటాను గానీ, ఆ ఎగిరిన క్షణంలో నా పాదాలకూ నేలకూ మధ్య ఒక దినపత్రిక దూర్చొచ్చు, అదీ ఆదివారం అనుబంధం తీసేసి. అయినా నందికొండ హిల్ కాలనీ సీనియర్స్ జట్టుకు ఫార్వర్డును నేనే. జట్టులో అందరూ నా ఈడువాళ్లు కాబట్టి ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేరు, అదొక్కటే మా బలం.

పేరు లింగస్వామి. ఉద్యోగం లష్కరు. సాగర్ ఎడమ కాలువలోంచి హాలియా దిక్కు పొలాలకు పారే ఒక పిల్లకాలువ నా కింద ఉంటుంది. కింద ఉంటుందంటే నేనేదో పెద్ద ఆఫీసరునని కాదు. దాని గట్టు మీద నేను నడుస్తాను కాబట్టి అది కింద ఉంటుంది, అంతే. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం నా పని. నీళ్లు వంతులవారీగా ఇవ్వాలి. ఈ తూముకు కొన్నాళ్లు వదిలి బంద్ చెయ్యాలి, అప్పుడు దాని కింది తూముకు. అట్లా చెయ్యకపోతే పైనున్నవాళ్ల వరి మునుగుతుంది, చివరి పొలాలకు చుక్క చేరదు. దీన్ని వారబందీ అంటారు. వంతు అయిపోయి షట్టరు దించబోతే ప్రతి రైతూ చేతులు పట్టుకుని ఒకటే మాట: "లింగన్నా, ఇంకొక్క తడి!" ఒక్కసారి మళ్లు తడిసేటన్ని నీళ్లు చాలట. ముప్పయ్యేళ్లుగా వింటున్నాను. మొహం గంభీరంగా పెట్టి, "నీ వంతైపోయింది పెద్దమనిషీ, జర పక్కకు జరుగు" అని దించేసేవాణ్ణి. ఆ మాట అంటున్నంతసేపూ కృష్ణకు అటూ ఇటూ నా అంత ధర్మాత్ముడు లేడని నాకు గట్టి నమ్మకం.

మా బాపు దేవరకొండ దిక్కు నుంచి డ్యాము పనికి రాళ్లు మోయడానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను కూలీల గుడిసెల్లో పుట్టాను. కొండ మీద ఇంజినీర్ల పిల్లలకని సిమెంటు కోర్టు ఒకటి పోశారు. డ్యాముకు పోయగా మిగిలిన సిమెంటని బాపు అనేవాడు. ఏదైనా డ్యాముకు పోయగా మిగిలిందేనని బాపు అనేవాడు, నాతో సహా. సాయంత్రాలు నేనూ, లాంచీ స్టేషన్ దగ్గర చాయ్ హోటల్ నడిపే అహ్మద్ అలీ గారి కొడుకు ముజఫ్ఫరూ ఆ కోర్టు గోడెక్కి కూర్చునేవాళ్లం. జట్టుకు మనుషులు తక్కువైతే ఇంజినీర్ల పిల్లలు గోడ వంక చూసి, "ఏయ్, ఎవరైనా ఒకడు రండిరా" అనేవాళ్లు. ఒకడే. ముజఫ్ఫర్ నాకంటే పొడుగు, ఎప్పుడూ వాణ్ణే పిలిచేవాళ్లు. వాడు గోడ మీంచి కదలకుండానే చెప్పేవాడు: "వస్తే ఇద్దరం వస్తం. లేకుంటే ఇద్దరం రాం."

అట్లా వాడి పొడుగు మీద నేను బాస్కెట్‌బాల్ నేర్చుకున్నాను. ఆ మాట మాత్రం మా మధ్య ఖరారైపోయింది. ఉంటే ఇద్దరం, లేకుంటే ఇద్దరం లేం. నాకు జ్వరమొస్తే వాడూ ఆడేవాడు కాదు. వాళ్ల నాయిన హోటల్లో గ్లాసులు కడగమంటే నేనూ పోయి కడిగేవాణ్ణి, కడిగినవాటికంటే పగలగొట్టినవే ఎక్కువనుకోండి. 

తర్వాత ఇంజినీర్లు పోయారు, కోర్టులో గడ్డి మొలిచింది, రింగు తుప్పు పట్టింది. వాడు సాగర్ నీళ్ల మీద టూరిస్టుల లాంచీ నడిపాడు, నేను అవే నీళ్ల వెంట గట్టు మీద నడిచాను. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలయ్యారు, పొట్టలొచ్చాయి. తెలంగాణ వచ్చిన ఏడు అందరికీ ఏదో ఒకటి చెయ్యాలన్న ఊపు ఉండింది కదా, ఆ ఊపులో మా పాత గోడ బ్యాచ్ అంతా కలిసి గడ్డి పీకి, కొత్త రింగు బిగించి, మళ్లీ ఆట మొదలుపెట్టాం. చిన్నప్పుడు మాతోనే ఆడి, వాళ్ల నాయినకు బదిలీ అయితే ఆలేరు వెళ్లిపోయిన ఐలేశం అక్కడో ముసలి జట్టు తయారుచేశాడు. అప్పట్నుంచీ ఏడాదికో మ్యాచ్, ఒక ఏడు వాళ్ల దగ్గర, ఒక ఏడు మా దగ్గర. కప్పు ఎక్కువసార్లు ఆలేరు బండే ఎక్కింది. దానికి కారణం ఎవరని అడిగితే మా జట్టంతా ఒకేసారి నా వైపు తిరుగుతుంది. ఏకాభిప్రాయం మాకు ఆ ఒక్క విషయంలోనే కుదిరింది.

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటేడు ముజఫ్ఫర్ చేపల దుకాణం ముందు బొమ్మిడాయిలు బేరమాడుతూ కూలబడిపోయాడు. గుండె. హైదరాబాద్ తీసుకుపోయి స్టెంటు వేయించుకొచ్చారు. వాడు దవాఖానలో ఉన్నన్నాళ్లూ నాకు అన్నం సయించలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, సుమన సాక్షి. సుమన అంటే నా భార్య. నేనన్నం వద్దనడం ఆమె పెళ్లయ్యాక చూడటం అదే మొదలు.

వాడు ఇంటికొచ్చాడు గానీ మనిషి తిరిగి రాలేదు. నెలల తరబడి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నేను పోయి పక్కన కూర్చుంటే, "లాంచీ ఇంజన్ పోతే గుంజుకొచ్చి ఒడ్డుకు కడ్తరు గదరా, గట్ల కట్టేసిన్రు నన్ను" అనేవాడు. చివరికి డాక్టరే చెప్పాడట: నడవనివ్వండి, ఇష్టమైతే కొంచెం ఆడనివ్వండి, కానీ ఆయాసం రానివ్వకండి, కాసేపు ఆడితే కాసేపు కూర్చోవాలి, ఒంటికి అలవాటైన కొద్దీ పెంచుకుంటూ పోవాలి.

ఆ మాట పట్టుకుని ముజఫ్ఫర్ భార్య హలీమా భాభీ మా ఇంటికొచ్చింది. ఆమె నర్సుగా చేసి రిటైరైంది. ఆమె సూది వెయ్యని తొడ ఈ కాలనీలో లేదు, అందుకే ఆమె ముందు ఎంతటివాడైనా జర ఒదిగి నిలబడతాడు. సుమన చాయ్ ఇచ్చింది. తాగుతూ తాగుతూ ఆమె అడిగింది.

"లింగన్నా, మీ కాలువ మీద నీళ్లెట్ల ఇస్తరు? జర చెప్పరాదు."

నా ఉద్యోగం గురించి నన్నెవరైనా అడగడమే అరుదు. ఇక ఊరుకుంటానా! వారబందీ అంటే ఏమిటి, ఎందుకు పెట్టారు, బంద్ ఉన్న రోజుల్లో నేల ఎట్లా ఊపిరి తీసుకుంటుంది, ఆగకుండా పారిస్తే వేరు ఎట్లా కుళ్లుతుంది, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాను. ఆమె ఎంతో శ్రద్ధగా వింది.

"మంచిగ చెప్పినవ్. ఇగ మీ ఆట గూడ గట్లనే. జరసేపు ఆడుడు, జరసేపు బంద్. అందరికి వంతులు."

"అందరికెందుకు భాభీ? ముజఫ్ఫర్ గానికి పెడితే సాలదా?"

"ఆయనొక్కన్ని పక్కన కూసోబెడితే ఇజ్జత్ పోయిందంటడు, కోర్టు దిక్కే రాడు. మళ్ల గోడ దిక్కు తిరిగి పంటడు. అందరు కూసుంటే ఆయన గూడ కూసుంటడు."

"శభాష్! మస్తుగుంది ఆలోచన" అన్నాను. మిగతావాళ్లు కూర్చుంటే నాకు బంతి ఎక్కువసేపు దొరుకుతుందని నా లోపలి లెక్క.

"అందరంటే నువ్వు గూడనయ్యా" అంది సుమన వంటింట్లోంచి. ఆమెకు నా లోపలి లెక్కలు గోడల్లోంచి కూడా కనిపిస్తాయి.

ఆ ఆదివారం నుంచి హలీమా భాభీ రింగు స్తంభం కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. చేతికి గడియారం, ఒళ్లో ఎర్ర తువ్వాల. ఆ తువ్వాల స్తంభానికి వేలాడితే వంతు మారినట్టు. ఆడుతున్నవాళ్లలో ఎవరి పేరు చెబితే వాళ్లు బయటికి రావాలి, కూర్చున్నవాళ్లు లోపలికి పోవాలి. నిజం చెప్పాలంటే మిగతావాళ్లకు పండగే అయింది. ఇన్నేళ్లూ సిగ్గుకు చచ్చి ఉరికినవాళ్లే అందరూ. ఇప్పుడు దర్జాగా కూర్చుని, నీళ్లు తాగి, పిక్కలు పిసుక్కుని, పెన్షన్ల గురించి మాట్లాడుకుని, మళ్లీ తాజాగా లోపలికి పోతున్నారు. నడుం నొప్పులు తగ్గాయి, కండరాలు పట్టేయడం తగ్గింది, ఆట కూడా బాగుపడింది. ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు గానీ కళ్లయితే ఉన్నాయి కదా.

బాధంతా నాకే. నా వంతు అయిపోయిందని ఇంకొకరు చెప్పడమేమిటి? ముప్పయ్యేళ్లు ఇంకొకరి వంతులు తేల్చినవాణ్ణి! మొదట తువ్వాల కనపడనట్టు నటించాను. శుక్లాలున్నాయని చెప్పాను. తర్వాతి ఆదివారం ఆమె దాన్ని సరిగ్గా నా మొహం ముందు ఊపింది. అప్పుడు కోర్టుకు అటు చివరికి పోయి నిలబడటం మొదలుపెట్టాను, పేరు పిలిస్తే వినపడనంత దూరం. అదీ కుదరకపోతే కిందికి వంగి బూటు లేసు కట్టుకునేవాణ్ణి. నా పొట్టకు లేసు దొరకడానికే చాలాసేపు పడుతుంది, నేను లేచేసరికి ఆట మళ్లీ మొదలైపోయి ఉండేది. తూము దగ్గర రైతులు షట్టరు కింద రాయి పెట్టి, అది పూర్తిగా దిగకుండా చేసి, "అగో, దించితిమి గదన్నా" అంటారు. నేను చేసింది సరిగ్గా అదే. కాకపోతే రైతుకు ఎండిపోయే పొలముంది, నాకేముంది?

ఒక రోజు ఏ ఎత్తూ పారలేదు. భాభీ లేచొచ్చి నా ఎదురుగా నిలబడింది. "లింగన్నా, బయటికి రా."

నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. చేతులు జోడించి మరీ అన్నాను.

"ఇంకొక్క తడి, భాభీ!"

అనేశాక నేనే కొయ్యబారిపోయాను. కోర్టంతా విరగబడి నవ్వింది. ముజఫ్ఫర్ అయితే నేల మీద కూర్చుని మరీ నవ్వాడు. భాభీ నవ్వలేదు. మొహం గంభీరంగా పెట్టి, "నీ వంతైపోయింది పెద్దమనిషీ, జర పక్కకు జరుగు" అంది. ఆ మాట ఆమెకు సుమనే నేర్పి ఉంటుంది. ఆ రోజు నుంచి కాలనీలో నా పేరు ఒక్కతడి లింగయ్య. కూరగాయల సంతలో గుర్వమ్మ కూడా, "ఇంకొక్క తడి కొత్తిమీర కావాల్నా అయ్యా?" అని అడుగుతుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా నవ్వులాటే. కానీ నేను కనిపెట్టని సంగతి ఒకటి ఉంది. నేను బయటికి రాని ప్రతిసారీ ముజఫ్ఫర్ కూడా వచ్చేవాడు కాదు. భాభీ పిలిస్తే నా వైపు వేలు చూపించేవాడు. "లింగడు ఆడుతనే ఉండు గద! మాకు చిన్నప్పటి మాటుంది. ఉంటే ఇద్దరం." కాలువ మీద రోజూ చూసే విషయమే ఇది. పై తూమువాడు షట్టరు దించకపోతే కింది తూమువాడూ దించడు. చూసి చూసి కూడా నాకు తట్టలేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం నేనట్లాగే లేసు కట్టుకుని లేచాను, ఆట సాగిపోయింది. ముజఫ్ఫర్ అవతలి రింగు వైపు ఉరికి, బంతి వేసి, వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు ఆగిపోయాడు. గీత దగ్గర మెల్లగా కూర్చుని చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. మొహంలో రక్తం లేదు, బూడిద రంగు. భాభీ ఎట్లా పరిగెత్తిందో, వాడి నాలుక కింద గోలీ పెట్టి, తల తన భుజానికి ఆనించుకుని, "చూడు, నన్ను చూడు, మెల్లగ ఊపిరి తీస్కో" అంటూ కూర్చుంది. వాడు కాసేపటికి తేరుకుని, "ఏం కాలె, ఏం కాలె" అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. బంతి దొర్లుకుంటూ పోయి గోడ మూలన ఆగితే దాన్ని తేవడానికి కూడా ఎవరూ కదలలేదు.

మర్నాడు పొద్దున నేను తూము దగ్గరుంటే భాభీ ఆటో దిగి గట్టు మీదికొచ్చింది. హైదరాబాద్ డాక్టరుకు ఫోన్ చేసిందట. భయపడాల్సిందేమీ లేదట, కానీ హద్దు దాటొద్దని గట్టిగా చెప్పాడట.

"ఆలేరోళ్లతోని మ్యాచ్ బంద్ పెట్టిద్దాం భాభీ" అన్నాను. "ఐలేశం గానికి నేను చెప్త."

"వద్దు. ఆడకుంటే ఆయన మళ్ల మంచం పడ్తడు. ఆ నెలలు నేనెట్ల గడిపిన్నో నాకెరుక. రోజుకు నాలుగు మాటలు మాట్లాడేటోడు గాదు. లింగన్నా, నా తువ్వాల ఆయనకు కనపడదు. నిన్ను చూసి ఉరుకుతడు, నిన్ను చూసి ఆగుతడు. నువ్వొస్తేనే ఆయనొస్తడు. నాకు కప్పొద్దు, నాకు ఆయన కావాలె."

తల దించుకుని సరేనన్నాను. సుమన మీద ఒట్టేశాను, నా షట్టరు తాళం మీద కూడా ఒట్టేశాను.

ఇంటికెళ్లేసరికి నేను త్యాగమూర్తినైపోయాను. ఆ వారమంతా ఇంట్లో మెల్లగా నడిచాను, మెల్లగా మాట్లాడాను. "చూడు సుమనా, దోస్తు కోసం మనిషి ఆట గూడ ఇడిసిపెట్టాలె" అన్నాను.

"బయటికొచ్చినంక చెప్పు" అంది సుమన, నా కంచంలో పప్పు పోస్తూ.

నవంబరులో, వానాకాలం నీళ్లు బంద్ అయ్యి నాకు పని తగ్గాక, ఆలేరు జట్టు వ్యాన్ వేసుకుని దిగింది. ఐలేశం కప్పును కూడా వెంట తెచ్చాడు. మేం గెలిస్తే ఇచ్చిపోదామని కాదు, మళ్లీ వాపసు పట్టుకుపోతానని చూపించడానికి. "ఏంరా లింగా, పొట్టకేమన్న కొత్త జెర్సీ కుట్టించినవా?" అని మొదలుపెట్టాడు. హాలియా నుంచొచ్చిన పీఈటీ సారు విజిల్ వేశాడు. కాలనీ సగం గోడ మీదే ఉంది.

నేను ఒట్టు నిలబెట్టుకున్నాను. తువ్వాల లేచిందంటే చాలు, అందరికంటే ముందు నేనే బయటికి. అదీ మామూలుగా రాలేదు, గుడిలోంచి వస్తున్నవాడిలా రెండు చేతులూ జోడించి మరీ వచ్చాను. ముజఫ్ఫర్ మొదటిసారి నన్ను అనుమానంగా చూశాడు. రెండోసారి, "నీ కాలేమన్న ఇరిగిందారా?" అని అడిగి, గొణుక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. కూర్చుని నీళ్లు తాగాడు, మళ్లీ పోయి ఆడాడు. చిత్రమేమంటే మేమంతా ఆలేరువాళ్ల కంటే బాగా ఊపిరి పీలుస్తున్నాం. వాళ్లేమో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. ఆట చివరికొచ్చేసరికి వాళ్లు మాకంటే ఒక్కటంటే ఒక్క పాయింటు ముందున్నారు. ఒక్క బుట్ట వేస్తే కప్పు మాది.

అప్పుడు బంతి నా చేతికొచ్చింది.

నా ముందు ఎవరూ లేరు. ఎందుకుంటారు? బంతి నా చేతిలో ఉన్నంతకాలం ప్రమాదం లేదని ఆలేరువాళ్లకు ఏళ్ల అనుభవం. రింగు ఎదురుగా ఉంది. సరిగ్గా అప్పుడే స్తంభం మీద ఎర్ర తువ్వాల లేచింది. చూశాను. శుక్లాలేం లేవు, స్పష్టంగా చూశాను. భాభీ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె చూస్తున్నది నన్ను కాదు, నా వెనకాల ముజఫ్ఫర్‌ను.

మీకు నిజం చెప్పాలి. త్యాగమూర్తికి ఆ క్షణంలో వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? ఇది వేసేసి పోదాం. ఎంతసేపు పడుతుంది? ఒక్క తడి. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా నా చేత్తో గెలిపించి, ఐలేశం మొహం చూడాలి. అంతే గదా! బంతిని తలపైకి ఎత్తాను కూడా.

"ఇయ్యిరా లింగా, ఇటియ్యి!"

పక్కకు చూశాను. ముజఫ్ఫర్ చెయ్యెత్తి పరిగెత్తుకొస్తున్నాడు. నవ్వుతున్నాడు గానీ మొహం మళ్లీ ఆ బూడిద రంగుకు తిరిగింది. ఎత్తిన చెయ్యి ఒక్కసారి కిందికొచ్చి ఛాతీని రుద్దుకుంది. ఎవరూ చూడలేదనుకుని మళ్లీ గబుక్కున పైకి లేచింది.

నేను బంతి వేసినా, అది పడినా పడకపోయినా, ఆట ఇంకా ఉంది. వాడు వెనక్కి ఉరుకుతాడు, మళ్లీ ముందుకు ఉరుకుతాడు. నేను లోపల ఉన్నంతసేపూ ఉరుకుతూనే ఉంటాడు. ఎత్తిన బంతిని దించాను. దాన్ని రెండు చేతులతో పట్టుకుని గీత దాటి బయటికి నడిచి, నేల మీద పెట్టాను. దొర్లిపోకుండా జాగ్రత్తగా పెట్టాను.

సారు విజిల్ వేశాడు. "బంతి ఆలేరుది" అన్నాడు, జాలిగా.

"సార్, మనిషిని మార్చాలె. నా వంతైపోయింది" అన్నాను.

గోడ మీంచి వచ్చిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు, కొన్నయితే నేనే మొదటిసారి విన్నాను. మా జట్టువాళ్లు నెత్తి పట్టుకున్నారు. ముజఫ్ఫర్ నా మీదికొచ్చాడు.

"ఏం రోగమొచ్చిందిరా నీకు? గెలిచే ఆట!"

"మోకాలు పట్టింది. నేను పోతున్న. ఉంటే ఇద్దరం, లేకుంటే ఇద్దరం లేం. నడువు."

వాడు రొప్పుతూనే నన్ను చూశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందంటే నేను కుంటుతున్నట్టు నటించాల్సిన పనే లేకపోయింది. ఇద్దరం బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాం. భాభీ వాడి నాలుక కింద గోలీ పెట్టి, మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకుంది. నాకు దేవుడు గుర్తొచ్చాడు, వాళ్ల దేవుడూ గుర్తొచ్చాడు, ఇద్దరికీ మొక్కాను. కోర్టులో ఆలేరువాళ్లు బంతిని అటూ ఇటూ తిప్పుతూ కాలం గడిపేశారు. విజిల్ పడింది. ఐలేశం కప్పు నెత్తి మీద పెట్టుకుని చిందులేశాడు.

భాభీ కళ్లు తెరిచింది. "నెమ్మదిస్తున్నది" అంది, వాడి మణికట్టు వదలకుండానే. సుమన ఎప్పుడొచ్చిందో ఆమె వెనక నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

ముజఫ్ఫర్ మొహంలోకి రంగు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. వాడు నా చెవి దగ్గరికి వంగాడు.

"ఇంక జరసేపుంటే పడిపోదునురా."

"మరి బయటికి రావొద్దారా, గాడిదా!" అన్నాను.

"ఎట్లొస్త? అందరు సూస్తుండిరి. సిగ్గైంది." వాడు ఊపిరి తీసుకున్నాడు. "నువ్వొస్తవేమో, నువ్వొస్తవేమో అని నిన్నే సూస్కుంట ఉరికిన."

నాకు ఏడుపు ఆగలేదు. వాడు నన్ను చూసుకుంటూ ఉరుకుతున్నప్పుడు నేను రింగు వైపు చూస్తున్నాను. బంతి తలపైకెత్తి చూస్తున్నాను. ఆ సంగతి వాడికి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

కప్పు చంకలో పెట్టుకుని ఐలేశం మా దగ్గరికొచ్చాడు. "ఏంరా లింగా, బంతి తీస్కపోయి బయట పెట్టినవేంది? మతిగిన పోయిందా? మోకాలా?"

నేను మోకాలు పట్టుకుని, మొహం బాధగా పెట్టి, అబద్ధం మొదలుపెట్టబోయాను. ముజఫ్ఫర్ నా చేతిని మోకాలి మీంచి తీసేశాడు. గోడ మీదున్నవాళ్లకు కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు.

"వాని మోకాలు మంచిగనే ఉంది ఐలేశం. నాకు ఊపిరి ఆడలే. మా ఇద్దరి వంతు అయిపోయింది. కూసో, చాయ్ తాగుదాం."